టీ మరక నోట్స్: వైస్ ఛాన్సలర్లకు ఒక జిరాక్స్ షాపువాడి ఉత్తరం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాల వైస్ ఛాన్సలర్లకు నమస్కారం.

మీలో ఒకరి యూనివర్సిటీ మెయిన్ గేటుకి ఎదురుగా ఇరవై రెండేళ్లుగా నేను జిరాక్స్ షాపు నడుపుతున్నాను. ఎవరి గేటో చెప్పను. చెబితే మా షాపు ముందున్న రేకుల పందిరి రోడ్డుకి అడ్డమని రేపే ఎవరికో గుర్తొస్తుంది. ఏ గేటు ఎదురుగా ఏ జిరాక్స్ షాపువాడిని కదిపినా ఇదే చెబుతాడు కాబట్టి ఊరి పేరుతో పెద్దగా పని కూడా లేదు.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. లోపల మీ సార్లు, మేడమ్‌లు చెప్పే పాఠాలు, వాళ్ల నోట్సు, పాత ప్రశ్నపత్రాలు, మీరు అచ్చువేసే దూరవిద్య పుస్తకాలు, ఇవన్నీ అడ్మిషన్ ఉన్నా లేకపోయినా ఎవరైనా ఉచితంగా చూసుకునేలా బయట పెట్టండి. డిగ్రీ ఊరికే ఇమ్మనడం లేదు. పరీక్ష, సర్టిఫికెట్, సీటు మీ ఇష్టం, మీ ఫీజు. పాఠం మాత్రం గేటు దాటనివ్వండి. ఇది జరిగితే ముందు దెబ్బ తగిలేది నాకే. నా గల్లాపెట్టెలో సగం డబ్బులు మీ పాఠాల జిరాక్సుల మీద వచ్చేవే. చేతులారా నా పొట్ట నేనే కొట్టుకుంటున్నానని మా ఆవిడ అననే అంది.

అయినా ఎందుకు రాస్తున్నానో తెలియాలంటే టీ మరక సంగతి చెప్పాలి.

మా షాపులో ఎడమ గోడకి ఒక ఇనుప ర్యాకు ఉంది, నిండా ఫైళ్లు. ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో ‘హిస్టరీ సెమ్ 3’, ‘పొలిటికల్ సైన్స్ పేపర్ 2’ అని రాసుంటుంది. ఒక ఫైలు మీద మాత్రం ఏమీ రాసి ఉండదు. దాన్ని పిల్లలంతా ‘టీ మరక నోట్స్’ అంటారు. ఎకనామిక్స్ సారు ఒకాయన రిటైరయ్యే ముందు నాకిచ్చి, అడిగినవాళ్లకు తీసివ్వమన్నారు. పల్లెటూరి అప్పుల మీద, కౌలు మీద, వడ్డీ మీద 112 పేజీలు, తెలుగులో, చేత్తో రాసినవి. పద్నాలుగో పేజీలో పైన, ఎడమ అంచు దగ్గర, టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక. ఆ గ్లాసు పెట్టింది నేనే. 2006లో, పరీక్షల ముందు రోజు, షాపు ముందు యాభై మంది నిలబడి ఉంటే ఎక్కడ పెట్టానో కూడా చూసుకోలేదు. తర్వాత భయపడుతూ సారుకి చెప్పాను. ‘పోనీలేవయ్యా, అక్షరం పోలేదుగా’ అన్నారు.

ఒరిజినల్ మీద ఆ మరక గోధుమ రంగులో ఉంటుంది. మొదటి కాపీలో బూడిద రంగుకి దిగుతుంది. కాపీకి కాపీ తీస్తే నల్లబడి, ఎవరో రబ్బరు స్టాంపు గుద్దినట్టు కనిపిస్తుంది. అది యూనివర్సిటీ సీలేమో అనుకున్న పిల్లాడు కూడా ఉన్నాడు.

2019లో వేరే జిల్లా నుంచి, వేరే యూనివర్సిటీ కుర్రాడొకడు స్పైరల్ బైండింగ్ కోసం ఒక కట్ట తెచ్చాడు. పేజీలు సర్దుతుంటే పద్నాలుగో దాని మీద నా టీ గ్లాసు కనిపించింది. ఎన్ని చేతులు మారి, ఎన్ని మెషిన్లలో పడి అంత దూరం వెళ్లి మళ్లీ నా దగ్గరికే వచ్చిందో! చూసి ముచ్చటపడ్డాను, తర్వాత పేజీ చదివాను. కాపీ మీద కాపీ తీసేటప్పుడు ఎడమ అంచు ప్రతిసారీ కొంచెం తెగుతుంది. ‘కౌలు’ కాస్తా ‘లు’ అయింది. దాన్ని ఎలాగోలా ఊహించుకోవచ్చు. సారు ఆ పేజీలో వడ్డీ గురించి, నూటికి నెలకి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం అని రాశారు. ఆ 24 సరిగ్గా కొత్త లైను మొదట్లో ఉంది. అంచు తెగి, ముందున్న 2 అంకె పోయి, 4 శాతం మిగిలింది. అప్పుల కింద రైతు ఎలా నలిగిపోయాడో చెప్పే పాఠంలో వడ్డీ 4 శాతం! ఆ రేటుకి అప్పు దొరికితే ఆ పాఠమే అక్కర్లేదు కదండీ. ఆ కట్ట చదివి ఎంతమంది పరీక్షలో 4 అని రాశారో, ఎంతమంది సార్లు పేపరు దిద్దుతూ విసుక్కున్నారో.

మీ పాఠం ఎప్పుడో గేటు దాటింది సార్. ఇప్పుడు అది అంచులు తెగి, సగం మసకబారి, డబ్బులకి తిరుగుతోంది.

కొనేవాళ్లు ఎవరో కూడా చెప్పాలి. మీ విద్యార్థులు అందరికంటే ఎక్కువ, నిజమే. పరీక్షల ముందు తప్ప మిగతా రోజుల్లో వచ్చేవాళ్లలో మాత్రం మీ రిజిస్టర్లలో లేని మనుషులే చాలామంది. గ్రూప్-2 రాసే కానిస్టేబుళ్లు, డీఎస్సీ కోసం ఎదురుచూసే ప్రైవేటు స్కూలు టీచర్లు, డిగ్రీతో చదువు ఆపేసి పిల్లలు కాస్త పెద్దయ్యాక మళ్లీ పుస్తకం పట్టిన ఆడవాళ్లు. వాళ్లలో ఒకావిడ అంగన్‌వాడీ టీచర్. అరవై కిలోమీటర్ల అవతలి నుంచి పల్లెవెలుగు బస్సులో రెండో శనివారం వచ్చేది. సూపర్‌వైజర్ పోస్టు పరీక్షకి చదువుకుంటోంది. ఒకసారి మెషిన్ నడుస్తుండగా గేటు వైపు చూసి, ‘అన్నా, ఈ పాఠం లోపల చెప్తారు కదా, వెనక బెంచీలో కూర్చుని వింటే ఏమన్నా అంటారా?’ అని అడిగింది. రోడ్డు దాటి గేటు దగ్గర సెక్యూరిటీ అతన్ని అడిగొచ్చాను. ఐడీ కార్డు లేకపోతే కుదరదన్నాడు. అతని తప్పేం లేదు, అతని డ్యూటీ అది. ఆవిడకి చెబితే నవ్వేసి, ‘పిలవని పెళ్లికి వెళ్లినట్టు ఉంటుందిలే’ అంది. తర్వాత ఒక పేజీ చూపించి అర్థం కాలేదు, చెప్పమంది.

చెప్పాను. నేను ఎంఏ ఎకనామిక్స్ మొదటి సంవత్సరంలో, ఇంట్లో గడవక, మానేసినవాణ్ని. ఫీజు కట్టినవాళ్ల నోట్సు ముందు పెట్టుకుని, చదువు మధ్యలో వదిలేసినవాడు, ఫీజు కట్టలేని మనిషికి, మెషిన్ చప్పుడులో పాఠం చెబుతున్నాడు. ఆ పాఠాన్ని జీవితమంతా చదివిన మనిషి అదే సమయంలో రోడ్డుకి అవతల, నూట యాభై అడుగుల దూరంలో, ముప్పై మందికి చెబుతూ ఉండి ఉంటారు. దీన్ని దూరవిద్య అనాలో దొంగవిద్య అనాలో మీరే చెప్పాలి.

దొంగవిద్య అన్నాను కాబట్టి కోర్టు సంగతి కూడా. మా వృత్తిలో ఉన్నవాళ్లందరికీ ఢిల్లీ కేసు తెలుసు. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరీ ఫొటోకాపీ సర్వీస్ అనే చిన్న షాపు ఉంది. సిలబస్‌లో ఉన్న పుస్తకాల్లోంచి కావలసిన అధ్యాయాలు తీసి కట్ట కట్టి అమ్మేది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ పబ్లిషర్లు ఆ షాపు మీదా, యూనివర్సిటీ మీదా కేసు వేశారు. మా షాపులో ఆ రోజుల్లో నాకు నిజంగా నిద్ర పట్టలేదు. 2016 సెప్టెంబరు 16న హైకోర్టు జడ్జి కేసు కొట్టేశారు. కాపీరైటు చట్టం 52వ సెక్షన్‌లో బోధన కోసం తీసే కాపీలకు మినహాయింపు ఉందనీ, కాపీరైటు దైవదత్తమైన హక్కేమీ కాదనీ అన్నారు. అప్పీలులో డివిజన్ బెంచ్ కొన్ని విషయాలు మళ్లీ విచారించమంది కానీ 2017 మార్చిలో పబ్లిషర్లే కేసు వెనక్కి తీసుకున్నారు. ఆ రోజు మా వీధిలో మిఠాయి పంచాం.

ఆ కేసులో అవతల నిలబడింది పబ్లిషర్లు. వాళ్లకి వ్యాపారం ఉంది, పెట్టుబడి ఉంది, కోపం రావడంలో న్యాయం ఉందో లేదో గానీ కారణమైతే ఉంది. మీ పాఠానికి అడ్డం ఎవరు? సార్ల జీతాలకి ప్రభుత్వం బ్లాక్ గ్రాంటు ఇస్తుంది. అందులో నా కాగితం రిమ్ముల మీద జీఎస్టీ కూడా కొంత ఉండే ఉంటుంది. మధ్యలో ఏ కంపెనీ లేదు. మీరు సరే అంటే చాలు.

2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అని ఒక పథకానికి ఒప్పుకుంది. మూడేళ్లకి 6,000 కోట్లు పెట్టి 13,000 జర్నల్స్, అంటే పరిశోధన పత్రికలు, ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివేవాళ్లకి అందుబాటులోకి తెస్తోంది. మంచిదే. ఆ 6,000 కోట్లు గేటు లోపలివాళ్లకే. విదేశీ పబ్లిషర్లతో బేరం కాబట్టి అలా ఉందనుకుందాం. మన తెలుగు ఎంఏ పాఠానికి అంత బేరం లేదుగా.

ఇంకో విచిత్రం చూడండి. 2009లో యూజీసీ నిబంధన వచ్చాక పీహెచ్‌డీ థీసిస్‌లు ‘శోధ్‌గంగ’ అనే వెబ్‌సైట్లో పెట్టడం మొదలైంది. ఎవరైనా, నేనైనా, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అంటే మీ దగ్గర ఆరేళ్లు పరిశోధించి రాసిన 300 పేజీల గ్రంథం ఊరికే దొరుకుతుంది. అది అర్థం కావడానికి ముందు చదవాల్సిన ఎంఏ మొదటి సంవత్సరం పాఠం మాత్రం నా ర్యాకులో దొరుకుతుంది, పేజీ రూపాయి. మేడమీద తలుపు బార్లా తీసి, మెట్లకి తాళం వేసినట్టుంది.

ఇదంతా ఎక్కడా జరగని గొంతెమ్మ కోరికేం కాదు. అమెరికాలో ఎంఐటీ అనే పెద్ద యూనివర్సిటీ వాళ్లు ఇంటర్నెట్‌లో పాఠాలు అమ్ముకుంటే ఎంత వస్తుందో చూడమని ఒక కమిటీ వేసుకున్నారు. ఆ కమిటీ లెక్కలన్నీ చూసి, అమ్మకండి, ఊరికే పెట్టేయండి అంది. 2001 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఇప్పుడు అక్కడ 2,500కి పైగా కోర్సుల సామగ్రి ఉంది. దానివల్ల ఎంఐటీలో సీట్లు మిగిలిపోయాయని నేనెక్కడా వినలేదు. మన దేశంలో 2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి ఇంటర్నెట్‌లో పాఠాలు చెప్పే ఎన్‌పీటెల్ మొదలుపెట్టాయి. నా షాపుకి వచ్చే బీటెక్ పిల్లలు ఫోన్‌లో దాన్నే చూస్తూ లైన్లో నిలబడతారు. పాఠం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్షకి ఫీజు, చాలా ఏళ్లుగా వెయ్యి రూపాయలు. నేనడుగుతున్నది అచ్చంగా ఆ పద్ధతే. కాకపోతే అక్కడ ఇంజనీరింగ్, సైన్సు పాళ్లు ఎక్కువ, చెప్పేది ఇంగ్లీషులో. కొన్నింటికి తెలుగు అనువాదాలు వచ్చాయి గానీ మన కౌలు రైతు గురించి, కాకతీయుల చెరువుల గురించి, వేమన గురించి తెలుగులో పాఠం చెప్పాల్సింది ఐఐటీ మద్రాసు కాదు.

మనకి ఈ విషయంలో పాత పేరే ఉంది. 1918లో ఉస్మానియా పెట్టినప్పుడు దేశభాషలో పై చదువు చెప్పడం కుదరదన్న రోజుల్లో ఉర్దూలో చెప్పారు. అందుకోసం ఏడాది ముందే, 1917లో, పుస్తకాలు అనువదించే కార్యాలయం తెరిచారు. 1968లో, పై చదువుల పుస్తకాలు తెలుగులో వేయడానికి, తెలుగు అకాడమీ వచ్చింది. 1982లో దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో మొదలైంది, ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ. దాని మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి గారే తర్వాత ఢిల్లీలో దేశమంతటికీ ఇగ్నో అనే సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికీ మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. అంటే తలుపులు తెరవడం దేశానికి నేర్పింది మనమే. గ్రూప్స్ రాసేవాళ్లని అడగండి, ‘అకాడమీ పుస్తకం చదివావా, అంబేద్కర్ యూనివర్సిటీ పుస్తకం చదివావా’ అన్నదే మొదటి మాట. నా షాపులో చిరిగిపోయేదాకా తిరిగినవి ఆ పుస్తకాలే.

ఇక మీ వైపు నుంచి వచ్చే మాటలు. లోపలి సార్లు మా షాపు బల్ల మీద కూర్చుని టీ తాగుతూ అన్నవే కాబట్టి నాకు కొత్త కాదు.

పాఠాలు బయట పెడితే క్లాసుకి ఎవరూ రారు అంటారు. 75 శాతం హాజరు నిబంధన లేకపోతే ఇప్పుడు ఎంతమంది వస్తున్నారో మీకూ తెలుసు, పదకొండు గంటలకి మా పందిరి కింద నిలబడేవాళ్లని చూస్తే నాకూ తెలుసు. బాగా చెప్పే మేడమ్ క్లాసుకి పిల్లలు మా దగ్గర సగం జిరాక్స్ వదిలేసి పరిగెడతారు. మా దగ్గర కొన్న నోట్సునే బల్ల మీద పెట్టుకుని చదివి వినిపించే సారు ఒకరిద్దరు ఉన్నారు, వాళ్లకి ఇబ్బందే. వాళ్ల కోసం మిగతావాళ్ల పాఠం దాచాలా?

యూట్యూబ్ నిండా పాఠాలేగా అని ఇంకో మాట. ఉన్నాయి, కోచింగ్ సెంటర్లవి. బిట్లకి ఎంత కావాలో అంత చెప్పి ఆపేస్తారు. 1793లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టింది ఎవరు, కారన్‌వాలిస్, తర్వాతి బిట్టు. ఆ పద్ధతి వల్ల ఉత్తరాంధ్రలో జమీందారు, రైతు మధ్య ఏం జరిగిందో గంటసేపు చెప్పే ఓపిక, చదువు మీ డిపార్ట్‌మెంట్లలోనే ఉన్నాయి.

ఒక అభ్యంతరం మాత్రం నిజమైనది, దాన్ని తేలిగ్గా తీసేయలేను. కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్లు. గంటల లెక్కన డబ్బులు తీసుకుని సగం క్లాసులు నడిపేది వాళ్లే. ఒకసారి పాఠం రికార్డు చేశాక, వచ్చే ఏడాది ఆ వీడియోనే వేసి మనిషిని రావద్దంటారేమో అని వాళ్ల టెన్షన్. గెస్ట్ ఫ్యాకల్టీగా పదకొండేళ్లు చేసిన ఒకతను నా దగ్గరే రెజ్యూమే ప్రింట్లు తీసుకుంటూ ఈ మాట అన్నాడు. అతనికి నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గర ఉండాలి. రికార్డు చేసిన పాఠానికి విడిగా పారితోషికం, ఆ వీడియోని మనిషికి బదులుగా వాడబోమని రాతపూర్వకంగా హామీ, పేరు స్పష్టంగా వేయడం, వద్దన్నవాళ్లని బలవంతపెట్టకపోవడం. ఇవి లేకుండా మొదలుపెడితే మొదట వ్యతిరేకించేవాళ్లలో నేనూ ఉంటాను.

రెండో జాగ్రత్త బర్కిలీ నుంచి నేర్చుకోవాలి. కాలిఫోర్నియాలోని ఆ యూనివర్సిటీ ఏళ్ల తరబడి క్లాసులు రికార్డు చేసి ఊరికే పెట్టింది. వాటిలో చాలావాటికి చెప్పే మాటలు వీడియో కింద అక్షరాల్లో కనిపించవు, వినపడనివాళ్లకి పనికిరావని ఫిర్యాదు వెళ్లింది. 2016లో అక్కడి న్యాయశాఖ ఆ ఫిర్యాదు నిజమేనంది. సరిదిద్దాలంటే ఖర్చని 2017లో 20,000కి పైగా రికార్డింగులు జనానికి అందకుండా తీసేశారు. వినపడనివాళ్లకి దక్కలేదు, వినపడేవాళ్లకీ పోయింది. 2022లో మళ్లీ ఒప్పందం కుదిరింది గానీ మధ్యలో ఐదేళ్లు పోయాయి. మనం మొదటి రోజు నుంచే వీడియో కింద తెలుగు అక్షరాలు వేయిస్తే ఆ గొడవ ఉండదు. తెలుగులో ఎంఏ చేసి ఖాళీగా ఉన్న పిల్లలు మీ హాస్టళ్ల చుట్టూ కావలసినంత మంది ఉన్నారు, వాళ్లకి నాలుగు డబ్బులు ఇచ్చినట్టూ ఉంటుంది.

స్టూడియోలు కట్టొద్దు. దయచేసి కట్టొద్దు. రిబ్బన్ కత్తిరిస్తారు, కెమెరా కొంటారు, ఆపరేటర్ పోస్టు మంజూరు కాదు, తాళం పడుతుంది. క్లాసులో ముందు బెంచీ మీద ఒక ఫోను, సారు చొక్కాకి ఒక మైకు చాలు. బ్లాక్‌బోర్డు చప్పుడు, పిల్లల దగ్గు వినిపించినా ఫర్వాలేదు, అంగన్‌వాడీ ఆవిడ వెనక బెంచీలో కూర్చున్నట్టే ఉంటుంది.

పాఠాల కంటే ముందు, పైసా ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. పాత ప్రశ్నపత్రాలు, సిలబస్ వెబ్‌సైట్లో సరిగ్గా పెట్టించండి. ఇప్పుడున్నవి కొన్ని తలకిందులుగా స్కాన్ చేసినవి, కొన్ని నొక్కితే తెరుచుకోనివి. వాటిని నేను ఇక్కడ తిప్పి ప్రింటు తీసి అమ్ముతున్నాను. దూరవిద్య పుస్తకాల సంగతి మరీ బాధ. ఒకసారి పాత పేపర్ల కొట్లో, కట్టలు విప్పని కోర్సు పుస్తకాలు కిలోల లెక్కన తూకం వేస్తుంటే చూశాను. అట్ట మీద రాసినవాళ్ల పేర్లు, ఎడిటర్ పేరు, లోపల పేజీలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. సిలబస్ మారిందట, అందుకే అమ్మేశారట. సిలబస్ మారితే చోళుల చరిత్ర మారుతుందా? ఆ రోజు నాలుగు కట్టలు నేనే కొన్నాను. అవి ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి.

భాష గురించి ఒక ముక్క. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీలో ఇంగ్లీషు మీడియం ఒక్కటే అయ్యాక నా షాపులో ఒక మార్పు చూశాను. పిల్లలు రెండు సెట్లు తీసుకెళ్తున్నారు. ఇంగ్లీషు నోట్సు పరీక్షలో రాయడానికి, పాత తెలుగు నోట్సు అర్థం చేసుకోవడానికి. నాకు డబుల్ బేరం, వాళ్లకి డబుల్ ఖర్చు. మీడియం ఏదుండాలో చెప్పేంత చదువు నాకు లేదు. ఇంగ్లీషులో చెప్పే క్లాసుకి పక్కనే అదే పాఠం తెలుగులో వినే వీలుంటే ఆ రెండో సెట్టు కొనక్కర్లేదని మాత్రం తెలుసు.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుంటే, టీ మరక ఫైలు ఒరిజినల్ నా దగ్గరే ఉంది. సారు ఇప్పుడు లేరు. వాళ్ల అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను. ఎవరు పెట్టినా అభ్యంతరం లేదన్నారు, వడ్డీ మాత్రం 24 శాతమని సరిగ్గా కనిపించేలా చూడమన్నారు. ఎవరినైనా పంపించండి. 112 పేజీలు నేనే దగ్గరుండి, అంచులు తెగకుండా, రంగులో స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తాను, డబ్బులొద్దు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటాను. ఆదివారం మధ్యాహ్నం మాత్రం షాపు మూసేస్తాను.

ఇట్లు,
గేటు ఎదురు జిరాక్స్ షాపు